ఫైళ్ల తరలింపు నేర్చుకుందాం - 3వ పాఠం: ఏ కమాండ్ పట్టుకోవాలి?

పోయిన పాఠంలో సీపీ కమాండ్‌తో ఒక చిన్న ఫోల్డర్‌ను కొత్త డిస్కులోకి పంపాం. ఒకసారి నేను ఇంట్లో పెళ్లి ఫొటోలు, వీడియోలు 400 జీబీ అలాగే పంపబోతే, మధ్యలో కరెంటు పోయింది. ఏది పూర్తిగా వెళ్లిందో, ఏది సగంలో ఆగిందో తెలియలేదు. సగం వెళ్లిన వీడియోకీ అసలు పేరే ఉంటుంది మరి! ఆ టెన్షన్ మీకు వద్దు.

అందుకే లినక్స్‌లో నేను ముందు చూసేది ఆర్‌సింక్ వైపే. ఇదీ సీపీలాగే ఫైళ్లు కాపీ చేసే కమాండే. ఆండ్రూ ట్రిడ్జెల్, పాల్ మెకరస్ దీన్ని 1996లో విడుదల చేశారు. ఇది ఫైలును ముందు తాత్కాలిక పేరుతో రాసుకుని, పూర్తయ్యాకే అసలు పేరు పెడుతుంది. మళ్లీ నడిపితే సైజు, మార్చిన సమయం పోల్చి, రెండూ సరిపోయిన ఫైలు జోలికి పోదు. ఆ సమయం కూడా కాపీ కావాలంటే కమాండ్ పక్కన హైఫన్ ఏ (-ఏ) అనే ఆప్షన్ పెట్టాలి. మరిచిపోతే రెండోసారి అన్నీ మళ్లీ మొదటి నుంచే.

ఇక స్లాష్. చాలామంది తప్పు చేసేది ఇక్కడే, కాస్త నిదానంగా చూడండి.

ఆర్‌సింక్ -ఏవీఎన్ ఫొటోలు/ కొత్తడిస్కు/ఫొటోలు/

(టైప్ చేసేటప్పుడు కమాండ్, ఆప్షన్లు ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో.) మొదటి ‘ఫొటోలు’ పక్కన స్లాష్ ఉంది కాబట్టి లోపల ఉన్నవే వెళ్తాయి. అది తీసేస్తే ఫోల్డర్‌తో సహా వెళ్లి, ఫొటోల్లో ఇంకో ఫొటోలు తయారవుతుంది. ‘వీ’ ఉంటే వెళ్లే ఫైళ్ల పేర్లు తెర మీద కనిపిస్తాయి. ‘ఎన్’ ఉన్నంతసేపు ఏదీ కదలదు, ఏం జరగబోతుందో చూపిస్తుందంతే. జాబితా చదివి, నచ్చాక ‘ఎన్’ తీసేయండి.

లక్షల కొద్దీ చిన్న ఫైళ్లను ఖాళీ సర్వర్‌కు పంపాలంటే మాత్రం టార్‌తో (ఎన్నో ఫైళ్లను ఒకే మూటగా కట్టే కమాండ్) ఒకే ప్రవాహంగా చేసి ఎస్‌ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్‌కు భద్రంగా కలిపే దారి) మీదుగా పంపడం తరచూ త్వరగా అవుతుంది. తర్వాత ఆర్‌సింక్ ఒకసారి నడిపితే మిగిలినవి సర్దుకుంటాయి. జేపీజీలు, ఎంపీ4లు ముందే కుదించినవి కాబట్టి వాటికి ఆర్‌సింక్‌లో పంపేటప్పుడు కుదించే ‘జెడ్’ ఆప్షన్ దండగ.

విండోస్‌లో ఇలాంటి పనికే రోబోకాపీ అనే కమాండ్ ఉంది. ఎంటీ ఆప్షన్ పెడితే 8 థ్రెడ్లతో (ఒకేసారి పక్కపక్కన సాగే పనులు) నడుస్తుంది, 128 దాకా పెంచుకోవచ్చు. ఎంఐఆర్ ఆప్షన్‌తో జాగ్రత్త: మూలంలో లేనివాటిని గమ్యంలో చెరిపేస్తుంది.

అభ్యాసం: పది ఫైళ్ల ఫోల్డర్‌ను ‘ఎన్’ లేకుండా పంపండి. ఒక్క ఫైలు మార్చి మళ్లీ నడపండి. రెండోసారి తెర మీద ఏ ఫైలు పేరు వచ్చిందో రాసి పెట్టుకోండి, వచ్చే పాఠం అక్కడి నుంచే మొదలుపెడదాం.