ట్రైనింగ్ ఇచ్చినా పని మారలేదా? ముందు మెషిన్ దగ్గరికి వెళ్లండి

లక్షణం: క్లాసు బాగా జరిగింది. ఫీడ్‌బ్యాక్ ఫారాల్లో అన్నీ అయిదుకి అయిదే. నెల తిరిగాక చూస్తే బ్రేక్‌డౌన్లు ఎప్పట్లాగే. మేనేజరు వెంటనే మరో క్లాసు పెట్టమంటారు. దయచేసి అప్పుడే పెట్టకండి.

మొదటి పరీక్ష: ఒడిశాలోని రాయగడ చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో ఏళ్ల తరబడి తిరుగుతున్నాను, ఈ చిన్న పని చేసేవాళ్లే కనబడరు. మనిషిని మెషిన్ దగ్గరికి తీసుకెళ్లి "ఒకసారి చేసి చూపించు బాబూ" అనండి. చెయ్యలేకపోతే నేర్పడంలోనే లోపం. మా వైపు దానికి చాలాసార్లు భాషే కారణం. ఇంట్లో తెలుగో, ఒడియానో, కువియో (కోదు గిరిజనుల భాష) మాట్లాడేవాళ్ల ముందు ఇంగ్లిష్ స్లైడ్లు వేస్తారు. వాళ్ల భాషలో, మెషిన్ మీదే మళ్లీ చూపించండి.

చెయ్యగలిగితే మాత్రం క్లాసు మీద ఇంకో రూపాయి పెట్టకండి.

నేను దెబ్బతిన్నది ఇక్కడే. ఒకచోట కన్వేయర్ బేరింగులకి గ్రీజు పెట్టడం నేర్పాను. గ్రీజు ఎక్కించే మూతిని, అంటే నిపుల్‌ని, తుడవకపోతే దుమ్ము గ్రీజుతోపాటే లోపలికి పోతుంది. పంపులు లెక్కపెట్టి ఆపాలి, గ్రీజు ఎక్కువైనా బేరింగ్ వేడెక్కుతుంది. అందరూ పరీక్ష పాసయ్యారు. బేరింగులు పోతూనే ఉన్నాయి. నైట్ షిఫ్టులో వెళ్లి నిలబడితే, గ్రీజు గన్ పట్టుకున్న కుర్రాడి దగ్గర గుడ్డపీలికే లేదు. "అంతా గుర్తుందండి. తుడుస్తా కూసుంటే బెల్టు ఎప్పుడు తిప్పుతావని ఇన్‌చార్జి గారు కేకలేస్తారండి" అన్నాడు. ఆ ఇన్‌చార్జిని తప్పుపట్టలేం. ఆయన్ని మేం క్లాసుకి పిలవనే లేదు. పైవాళ్లు రోజూ ఆయన్ని అడిగేది టన్నుల లెక్కే.

1959లో డొనాల్డ్ కిర్క్‌పాట్రిక్ అనే అమెరికన్ ప్రొఫెసర్ ట్రైనింగ్‌ని నాలుగు మెట్లలో కొలవమన్నాడు: నచ్చిందా, నేర్చుకున్నారా, పనిలో చేస్తున్నారా, సంస్థకి ఫలితం వచ్చిందా. ఫారం మొదటి మెట్టు, పరీక్ష రెండోది. మూడోది చూడకుండా నాలుగోది ఏదని అడుగుతున్నాం.

పరిష్కారం: ఇన్‌చార్జికే ముందు నేర్పండి, మిగతావాళ్లకి ఆయన చేతే చెప్పించండి. మొదటి రెండు వారాలు గ్రీజుకి పట్టే సమయాన్ని షిఫ్ట్ టార్గెట్‌లోంచి తీసెయ్యండి. గుడ్డపీలిక గన్‌కే కట్టి ఉంచండి. పదో రోజున, చెప్పకుండా, నైట్ షిఫ్టులోనే వెళ్లి చూడండి.

పనిముట్లు అరిగిపోవడం, నేర్చుకున్నవాళ్లు మానేసి వెళ్లిపోవడం కూడా ఉంటాయి గానీ అరుదు. అవి ఆఖర్న చూసుకోవచ్చు.