స్టేషన్‌లో ఫిర్యాదు తీసుకోనప్పుడు, పోలీసులే తప్పు చేసినప్పుడు: శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వారికి

పోలీసుల తీరుతో విసిగిపోయినవారు సాధారణంగా తమ బాధనంతా ఒకే అర్జీలో కుమ్మరిస్తారు. ఫిర్యాదు తీసుకోలేదని, తీసుకున్నా ఎదుటివారితో రాజీ పడమన్నారని, కాదంటే తిట్టారని, చివరికి డబ్బు అడిగారని వరుసగా రాసి, కలెక్టరు నుంచి ముఖ్యమంత్రి వరకు అందరికీ నకళ్లు పంపుతారు. అందులోని ప్రతి మాటా నిజమే అయినా ఆ అర్జీ చేరిన ప్రతి కార్యాలయానికీ అది తన పని కాదనిపిస్తుంది. ఫిర్యాదు నిరాకరణకు ఒక దారి, అక్రమ నిర్బంధానికి మరొక దారి, లంచానికి ఇంకొక దారి చట్టంలో వేరువేరుగా ఉన్నాయి. కాబట్టి ముందుగా తేల్చుకోవలసింది జరిగిన తప్పు ఏ రకానిదన్న సంగతి. ఆ తరువాత ప్రతి మెట్టు దగ్గరా తేదీతో కూడిన ఒక కాగితం చేతిలో ఉండేలా చూసుకోవాలి.

ఈ ప్రాంతంలో స్టేషన్ మెట్లెక్కడానికి జనం వెనుకాడటానికి పాత కారణాలున్నాయి. థర్మల్ విద్యుత్ కేంద్రాలను వ్యతిరేకించిన గ్రామాల మీద 2010 జూలై 14న సోంపేటలోను, 2011 ఫిబ్రవరి 28న కాకరాపల్లిలోను పోలీసులు జరిపిన కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. అంతటి ఘటనల సంగతి వేరు. ఇక్కడ చెప్పబోయేది రోజువారీగా ఎదురయ్యే తగాదాల గురించి.

2024 జూలై 1 నుంచి పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులో ఉంది. దాని 173వ సెక్షన్ ప్రకారం, పోలీసులు వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన నేరం గురించి సమాచారం అందితే దానిని నమోదు చేయాలి. అలా నమోదు చేయడం అధికారి ఇష్టానికి వదిలిన విషయం కాదని లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013 నవంబరులోనే తేల్చి చెప్పింది. ఎఫ్ఐఆర్ నకలును ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి; జిరాక్సు ఖర్చులని, స్టేషనరీ అని అడిగే పది, ఇరవై రూపాయలకు కూడా ఆధారం లేదు.

ఫిర్యాదును తెలుగులోనే రాయండి. ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేశారు, ఎవరు చూశారు అన్న ఐదు సంగతులు ఒక పేజీలో ఇమడాలి. చూసింది చూసినట్లు, విన్నది విన్నట్లు విడదీసి రాయండి. కేసు బలంగా ఉండాలని లేని కత్తిని, జరగని హత్యాయత్నాన్ని చేర్చమని సలహా ఇచ్చే పెద్దమనుషులు ప్రతి ఊళ్లోనూ ఉంటారు. ఆ సలహా వింటే మొదట పోయేది మీ మాట మీద నమ్మకం. పైగా తప్పుడు సమాచారం ఇవ్వడం భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద శిక్షార్హమైన నేరం. రెండు ప్రతులు తీసుకువెళ్లి, ఒకటి స్టేషన్‌లో ఇచ్చి, రెండవదాని మీద ముద్ర, తేదీ, తీసుకున్నవారి సంతకం అడగండి.

అక్కడ తరచుగా వినిపించే మొదటి మాట: "ఎస్సై గారు బందోబస్తుకు వెళ్లారు, రేపు రండి." పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడో, అరసవల్లి రథసప్తమి నాడో ఆ మాట నిజమే కావచ్చు. అయినా స్టేషన్ అధికారి లేనప్పుడు అక్కడ ఉన్నవారిలో ఆయన తరువాతి హోదా గల అధికారి, కానిస్టేబులు కంటే పైస్థాయి వ్యక్తి అయితే చాలు, స్టేషన్ అధికారిగానే లెక్క. కాబట్టి హెడ్ కానిస్టేబుల్ ఉంటే ఫిర్యాదు తీసుకోవచ్చు, తీసుకోవాలి.

రెండవ మాట: "ఇది మా పరిధి కాదు." ఇచ్ఛాపురం, పాతపట్నం వంటి సరిహద్దు ప్రాంతాల వారికి ఇది బాగా అలవాటైన మాట, సొమ్ము పోయింది ఒడిశాలోని బరంపురంలోనో పర్లాకిమిడిలోనో అయితే ఇక్కడివారు అక్కడికి, అక్కడివారు ఇక్కడికి పొమ్మంటారు. నేరం ఏ పరిధిలో జరిగినా ఏ స్టేషన్‌లోనైనా సమాచారం ఇవ్వవచ్చునని 173వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. దీనినే జీరో ఎఫ్ఐఆర్ అంటున్నారు. నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపవలసిన బాధ్యత పోలీసులదే. చేపల వేటకు గుజరాత్ తీరానికి, కూలి పనులకు చెన్నైకి వెళ్లినవారి కుటుంబాలు కూడా ఈ సంగతి గుర్తుంచుకోవాలి. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కూడా సమాచారం పంపవచ్చు, కాని పంపినవారు మూడు రోజుల్లోగా వెళ్లి సంతకం చేస్తేనే అది రికార్డులోకి ఎక్కుతుంది.

మూడవ మాట: "పిటీషను ఎంక్వైరీలో ఉంది." ఇందులో కొంత చట్టం, ఎక్కువ కాలయాపన కలిసి ఉంటాయి. మూడేళ్లు మొదలుకొని ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాలలో మాత్రమే, అది కూడా డీఎస్పీ అనుమతితో, పద్నాలుగు రోజుల్లో ముగిసేలా ప్రాథమిక విచారణ జరపవచ్చునని కొత్త సంహిత అంటోంది. కనుక డీఎస్పీ అనుమతి ఏ తేదీన వచ్చిందో మర్యాదగా అడగండి. ఆ ప్రశ్నకు జవాబు లేకపోతే మీ ఫిర్యాదు స్టేషన్ రాతపని చూసే రైటరు సొరుగులోనే ఉందని అర్థం.

స్టేషన్‌లో తీసుకోకపోతే తరువాతి మెట్టు జిల్లా ఎస్పీ. 173వ సెక్షన్‌లోని నాలుగవ ఉపసెక్షన్ ఫిర్యాదు సారాంశాన్ని రాతపూర్వకంగా, పోస్టు ద్వారా ఎస్పీకి పంపమంటోంది. ఇచ్ఛాపురం నుంచి శ్రీకాకుళం వంద కిలోమీటర్లకు పైగా దూరం. కూలి పోగొట్టుకుని వెళ్లనక్కరలేదు. స్పీడ్ పోస్టులో పంపి, రసీదును, చేరినట్లు చూపే ట్రాకింగ్ కాగితాన్ని భద్రపరచండి. ఉత్తరం మొదట్లోనే "సెక్షన్ 173(4) కింద" అని రాయండి; ఫలానా తేదీన ఫలానా స్టేషన్‌కు వెళ్లగా నమోదు చేయలేదన్న ఒక్క వాక్యం తప్పక ఉండాలి. ఏ ఎస్పీకి రాయాలో కూడా చూసుకోండి. 2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగాక రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లాయి.

సోమవారాల్లో ఎస్పీ కార్యాలయంలో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికకు వెళ్లడం మంచిదే, అధికారి ఎదుట నాలుగు మాటలు చెప్పుకోవచ్చు. అయితే అక్కడ ఇచ్చిన అర్జీ చాలాసార్లు ఏ స్టేషన్ మీద ఫిర్యాదు చేశారో ఆ స్టేషన్‌కే "విచారించి నివేదించగలరు" అన్న రాతతో తిరిగి వస్తుంది. అందువల్ల దానిని పోస్టులో పంపే ఉత్తరానికి తోడుగా వాడుకోవాలే గాని, దాని బదులుగా వాడకూడదని నా అభిప్రాయం.

ఎస్పీ దగ్గరా పని కాకపోతే మేజిస్ట్రేటు కోర్టు ఉంది. సోంపేట, టెక్కలి, బొబ్బిలి వంటి పట్టణాల్లో ఉన్న కోర్టుల్లో మీ ప్రాంతం దేని కిందికి వస్తుందో ఏ న్యాయవాదిని అడిగినా చెబుతారు. దర్యాప్తు చేయమని పోలీసులను ఆదేశించాలని కోరుతూ నాగరిక్ సురక్షా సంహిత 175(3) కింద వేసే దరఖాస్తుకు అఫిడవిట్ (ప్రమాణపత్రం) జతచేయాలి. స్టేషన్‌కు, ఎస్పీకి వెళ్లినట్లు రుజువులు చూపాలి. ఇంతవరకు రసీదుల గురించి అంతగా చెప్పడానికి కారణం ఇదే: ఆ రెండు మెట్లు ఎక్కినట్లు కాగితం లేకపోతే దరఖాస్తు ఇక్కడే ఆగిపోతుంది. న్యాయవాదికి ఫీజు ఇచ్చుకోలేనివారు జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయసేవాధికార సంస్థకు వెళ్లవచ్చు, లేదా 15100కు ఫోను చేయవచ్చు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా న్యాయవాదిని ఇస్తారు.

గట్టు తగాదా, అప్పు బాకీ, భాగపంపకాల వంటి సివిల్ వ్యవహారాలను స్టేషన్‌లో కూర్చోబెట్టి తేల్చే అలవాటు ఈ జిల్లాల్లో పాతుకుపోయింది. దానికి పోలీసులతో పాటు మనమూ కారణమే. కోర్టులో ఏళ్లు పడుతుందని మనమే ఎస్సై గారి దగ్గరికి పరుగెడతాము. కాని హద్దురాళ్లు ఎక్కడ పాతాలో నిర్ణయించే అధికారం పోలీసులకు లేదు. అక్కడ తెల్లకాగితం మీద గాని, తేదీ వేయని ప్రామిసరీ నోటు మీద గాని సంతకం పెట్టకండి. ఒత్తిడి మీద పెట్టవలసి వస్తే ఆ రోజే ఎస్పీకి ఆ సంగతి పోస్టులో తెలపండి.

కానిస్టేబులు ఇంటికి వచ్చి "సార్ రమ్మంటున్నారు" అంటే ఎందుకు, ఏ హోదాలో అని అడగండి. సాక్షిగా పిలవాలంటే నాగరిక్ సురక్షా సంహిత 179వ సెక్షన్ కింద రాతపూర్వక ఉత్తర్వు ఉండాలి; మహిళలను, అరవై ఏళ్లు దాటినవారిని, పదిహేనేళ్లలోపు బాలురను, దివ్యాంగులను, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారిని వారుండే చోటే ప్రశ్నించాలి. నిందితుడిగా పిలవాలంటే అదే సంహితలోని 35(3) కింద నోటీసు ఇవ్వాలి. దానిని వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో స్పష్టం చేసింది. నోటీసు సక్రమంగా అందినప్పుడు మాత్రం తప్పక వెళ్లాలి. వెళ్లకపోవడమే అరెస్టుకు కారణమవుతుంది.

అరెస్టు చేస్తే అరెస్టు మెమో రాయాలి, దాని మీద కుటుంబ సభ్యుడో ఊరి పెద్దో సాక్షి సంతకం చేయాలి, కారణం చెప్పాలి, బంధువుకు తెలియజేయాలి, ప్రయాణ సమయం మినహా ఇరవై నాలుగు గంటల్లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టాలి. 1996లో డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు చెప్పిన ఈ రక్షణల్లో చాలావరకు ఇప్పుడు చట్టంలోనే ఉన్నాయి. (విజయనగరంలోని పోలీసు శిక్షణ కళాశాలలో చేరేవారికి ఇవి పాఠాలే, స్టేషన్‌కు వచ్చాక ఎందరికి గుర్తుంటాయన్నది వేరే ప్రశ్న.) మనిషి ఎక్కడున్నాడో తెలియకపోతే 112కు ఫోను చేసి సమయం రాసుకోండి, ఎస్పీ కార్యాలయానికి, మేజిస్ట్రేటుకు రాతపూర్వకంగా తెలపండి. ఇరవై నాలుగు గంటలు దాటితే మనిషిని కోర్టు ముందు హాజరుపరచమని కోరే హెబియస్ కార్పస్ రిట్‌ను హైకోర్టులో వేయడానికి ఆ కాగితాలే పునాది అవుతాయి.

కొట్టినట్లయితే ఆలస్యం చేయకూడదు, ఎందుకంటే కమిలిన మచ్చలు కొద్ది రోజుల్లోనే చెరిగిపోతాయి. విడుదలయిన వెంటనే రిమ్స్ అని జనం పిలుచుకునే శ్రీకాకుళం సర్వజన ఆసుపత్రికి గాని, దగ్గరలోని ఏ ప్రభుత్వ ఆసుపత్రికి గాని వెళ్లి, ఎవరు కొట్టారో డాక్టరుకు చెప్పి, మెడికో లీగల్ కేసుగా (పోలీసు, కోర్టు వ్యవహారాలకు పనికొచ్చే వైద్య రికార్డుగా) రాయించండి. "జారిపడ్డాను" అని ఒకసారి ఆసుపత్రి రికార్డులోకి ఎక్కితే తరువాత దిద్దుకోవడం చాలా కష్టం. రిమాండుకు తీసుకువెళ్లినప్పుడు మేజిస్ట్రేటు అడిగినా అడగకపోయినా దెబ్బల సంగతి నోరు తెరిచి చెప్పాలి. ఆ క్షణంలో భయపడి మౌనంగా ఉండిపోయినవారే ఎక్కువ. పరమ్‌వీర్ సింగ్ సైనీ కేసులో సుప్రీంకోర్టు 2020 డిసెంబరు 2న ఇచ్చిన తీర్పు ప్రకారం ప్రతి స్టేషన్‌లోనూ సీసీ కెమెరాలు ఉండాలి, దృశ్యాలను పద్దెనిమిది నెలలు, అది సాధ్యం కాని చోట కనీసం ఏడాది నిల్వ ఉంచాలి. ఫలానా తేదీ, ఫలానా గంటల మధ్య దృశ్యాలను చెరపకుండా భద్రపరచమని ఎస్పీకి ఆ వారంలోనే రాయండి. ఒప్పుకోలు కోసం గాయపరచడం న్యాయ సంహిత 120వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు, తీవ్రంగా గాయపరిస్తే పదేళ్ల వరకు జైలు శిక్ష పడే నేరం.

మానవ హక్కుల కమిషన్‌కు ఫీజు లేకుండా తెలుగులోనే రాసి పంపవచ్చు. ఘటన జరిగిన ఏడాదిలోపే పంపాలి. రాష్ట్ర కమిషన్‌కో జాతీయ కమిషన్‌కో ఒకదానికే పంపడం మేలు. రాష్ట్ర కమిషన్ ముందు ఉన్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించదు.

లంచం అడిగితే ఇవ్వకముందే అవినీతి నిరోధక శాఖకు 1064 నంబరులో చెప్పండి. బలవంతం మీద ఇచ్చి ఉంటే ఏడు రోజుల్లో తెలియజేయాలి, లేదంటే ఇచ్చినవారు కూడా నేరస్థులవుతారు. సవర, జాతాపు గూడేలవారు, దళితులు అట్రాసిటీ కేసు నమోదు కాలేదని చెప్పేటప్పుడు 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలోని 4వ సెక్షన్‌ను ప్రస్తావించాలి. ఎస్సీ, ఎస్టీలకు చెందని ప్రభుత్వోద్యోగి కావాలని విధిని నిర్లక్ష్యం చేస్తే ఆరు నెలల నుంచి ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చునని అది చెబుతోంది. అయితే ముందుగా శాఖాపరమైన విచారణ జరిగి సిఫారసు రావాలి కనుక ఆ విచారణ జరపమని ఎస్పీకి వేరుగా అర్జీ పెట్టాలి.

కేసు నమోదయిందని ఊరుకోకండి. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో తొంభై రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయాలని నాగరిక్ సురక్షా సంహిత 193వ సెక్షన్ అంటోంది. ఎఫ్ఐఆర్ నకలు మీద ఉన్న తేదీ నుంచి లెక్కపెట్టుకుని, గడువు దాటిన మరుసటి రోజే దర్యాప్తు అధికారికి ఒక ఉత్తరం పంపి, దాని నకలును డీఎస్పీకి పెట్టండి. జవాబు రాకపోతే పది రూపాయల ఫీజుతో ఎస్పీ కార్యాలయంలోని పౌర సమాచార అధికారికి సమాచార హక్కు దరఖాస్తు వేయండి. "నా కేసు ఏమైంది" అని అడిగితే దర్యాప్తులో ఉందన్న ఒక్క ముక్క వస్తుంది. నోటీసులు ఎందరికి, ఏయే తేదీల్లో ఇచ్చారు, వైద్య నివేదిక ఎప్పుడు అందింది, దర్యాప్తు అధికారి ఎన్నిసార్లు మారారు అని విడివిడిగా అడిగితే ముప్పై రోజుల్లో తేదీలతో జవాబు ఇవ్వవలసి ఉంటుంది.