చరిత్ర, రీజనింగ్ కలిపి ప్రాక్టీస్ చేయడం ఎలా?

పోటీ పరీక్షలకు చదువుతూ హైదరాబాద్ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో కుర్చీ పట్టుకున్నాక చాలామంది చేసే పని ఒకటే. పొద్దంతా చరిత్ర చదువుతారు, రీజనింగ్‌ను ఆదివారానికి నెట్టేస్తారు. ఈ రెండూ ఒకే పూట చేయాలని నేనంటాను, ఎందుకంటే పరీక్షలో రెండింటికీ గడియారం ఒక్కటే. రైల్వే ఉద్యోగాలకు పెట్టే ఆర్‌ఆర్‌బీ ఎన్టీపీసీ పరీక్ష మొదటి దశే చూడండి: 90 నిమిషాల్లో 100 ప్రశ్నలు, అందులో రీజనింగ్ 30. సగటున ఒక్కోదానికి 54 సెకన్లు. చరిత్ర ప్రశ్న తెలిస్తే పది పదిహేను సెకన్లలో తేలిపోతుంది, తెలియకపోతే ఎంతసేపు చూసినా తేలదు. అక్కడ మిగిల్చుకున్న టైమే ఎవరు ఎక్కడ కూర్చున్నారో తేల్చే సీటింగ్ అరేంజ్‌మెంట్ లెక్కలకు అక్కరకొస్తుంది.

ముందు పాత పేపర్లు

కోచింగ్ సెంటర్లుండే అశోక్‌నగర్‌లో కనిపించిన ప్రతి బిట్ బ్యాంకూ కొనకండి. మీరు రాసే పరీక్ష పాత పేపర్లు జిరాక్స్ తీయించుకుని, ఏ అంశం నుంచి ఎన్ని వచ్చాయో మార్జిన్‌లో రాసుకోండి. తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగాలకు పెట్టే టీజీపీఎస్సీ గ్రూప్-2లో భారత చరిత్రతో పాటు తెలంగాణ చరిత్ర కూడా ఉంటుంది. రైల్వే పరీక్షకు చదివేవాళ్లకు అంత లోతు అక్కర్లేదు.

చరిత్ర: ఒక ఏడాది నుంచి పక్క ఏడాదికి

సంవత్సరాలు విడివిడిగా బట్టీ పడితే వారంలో కలగాపులగం అవుతాయి. అదే కారణాలతో ముడిపెడితే నిలుస్తాయి. 1798లో నిజాం అలీఖాన్ గవర్నర్ జనరల్ వెల్లస్లీ పెట్టిన సైన్య సహకార ఒప్పందానికి, అంటే ఈస్టిండియా కంపెనీ సైన్యాన్ని తన ఖర్చుతో ఉంచుకోవడానికి, ఒప్పుకున్నాడు. 1799లో నాలుగో మైసూరు యుద్ధంలో టిప్పు చనిపోయాక మైసూరు భూముల్లో నిజాంకూ వాటా దక్కింది. కంపెనీ సైన్యం ఖర్చు కింద 1800లో మైసూరు యుద్ధాల్లో వచ్చిన ప్రాంతాలనే కంపెనీకి అప్పగించాడు. అవే దత్త మండలాలు. అక్కడికి కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో రైతు నుంచే నేరుగా శిస్తు వసూలు చేసే రైత్వారీ పద్ధతిని అమలు చేశాడు. నాలుగు వేర్వేరు బిట్లు ఒకే కథలో వచ్చేశాయి చూడండి.

ఇలాంటి కథ చదివిన వెంటనే పుస్తకం మూసేయండి. ఘటనలను తెల్లకాగితం మీద కావాలనే వరస తప్పించి రాసి పెట్టుకోండి. మర్నాడు పొద్దున ఆ కాగితం తీసి సరైన క్రమంలో పేర్చండి, ఒకదాని నుంచి మరొకటి ఎందుకు వచ్చిందో పైకి చెప్పండి. కాలక్రమంలో అమర్చమనే ప్రశ్నలకు ఇంతకన్నా మంచి సాధన లేదు.

రెండు వాక్యాలిచ్చి రెండోది మొదటిదానికి కారణమా అని అడిగే నిశ్చితం-కారణం ప్రశ్నల్లో తడబడేది తెలియనివాళ్లు కాదు, తెలిసినవాళ్లే. ‘1922లో గాంధీజీ సహాయ నిరాకరణను ఆపేశారు’ అన్నది నిశ్చితం. ‘1919లో జలియన్‌వాలాబాగ్ కాల్పులు జరిగాయి’ అన్నది కారణం. రెండూ నిజమే. కానీ ఉద్యమం ఆగింది చౌరీచౌరా ఘటన వల్ల. రెండు వాక్యాల మధ్య ‘అందుకే’ పెట్టి చదివితే అతకదని వెంటనే తెలుస్తుంది.

రీజనింగ్: పెన్ను కదలాలి

యూట్యూబ్‌లో సార్ చేస్తుంటే అంతా తేలిగ్గానే ఉంటుంది. వీడియో ఆపి మీరు చేస్తేనే లెక్క. ‘అన్ని పెన్నులు పుస్తకాలు, కొన్ని పుస్తకాలు బల్లలు’ అంటే కొన్ని పెన్నులు బల్లలేనా? మనసులో ఔననిపిస్తుంది. వృత్తాలు గీయండి: బల్లల వృత్తం పెన్నులను తాకకుండానే పుస్తకాల మీదికి రావచ్చు. కాబట్టి ఖచ్చితంగా చెప్పలేం.

క్యాలెండర్ లెక్కలకు చరిత్ర తేదీలనే వాడండి, ఒక్క దెబ్బకు రెండు పిట్టలు. 1947 ఆగస్టు 15 శుక్రవారం. మరి హైదరాబాద్ సంస్థానం లొంగిపోయిన 1948 సెప్టెంబర్ 17 ఏ వారం? 1948 లీపు సంవత్సరం, ఫిబ్రవరి 29 మధ్యలో పడింది కాబట్టి 1948 ఆగస్టు 15కు రెండు రోజులు జరిగి ఆదివారం. అక్కడి నుంచి సెప్టెంబర్ 17కు 33 రోజులు. ఏడుతో భాగిస్తే మిగిలేది 5. ఆదివారానికి ఐదు కలిపితే మళ్లీ శుక్రవారమే. 1950 జనవరి 26ను మీరే చేసి చూడండి, గురువారం రావాలి.

టెస్ట్ రాశాక

వారానికో మాక్ టెస్ట్ చాలు, కానీ రాయడానికి ఎంతసేపు పట్టిందో, రాశాక అంతసేపూ దాన్ని విప్పి చూడాలి. ప్రతి తప్పు పక్కన తెలియక, తొందరలో, ప్రశ్న సరిగా చదవక — ఈ మూడింట్లో ఏదో రాయండి. ‘కానిది ఏది’ అనే ప్రశ్నల దగ్గర మూడోది ఎక్కువ కనిపిస్తుంది. తెలియనివాటికి పుస్తకం తెరవాలి. తొందరలో పోయినవాటికి చదువు కాదు, ఇంకో టెస్ట్ కావాలి.

రైల్వే పరీక్షల్లో మూడు తప్పులకు ఒక మార్కు పోతుంది. అందుకే మాక్‌లోనూ ముందు చరిత్ర ముగించి, తర్వాత చిన్న రీజనింగ్ ప్రశ్నలు, చివర్లో పజిల్స్ పట్టుకోండి. రెండు నిమిషాల్లో బొమ్మ కుదరని పజిల్‌ను అక్కడే వదిలేసి ముందుకెళ్లండి.