ఇంకో చిన్న క్యాలిబర్ రైఫిల్ కొనాలా? ముందు బీరువా తెరిచి చూడండి

టెక్సస్‌లో మా షూటింగ్ బ్యాచ్‌లో ఏటా ఎవరో ఒకరు అడుగుతారు: "అన్నా, 22 ఉంది, 223 ఉంది, మధ్యలో ఇంకోటి తీసుకోనా?" (22, 223 అంటే తుపాకీ గొట్టం కొలతని బట్టి వచ్చిన తూటా రకాల పేర్లు, క్యాలిబర్ అనేది దాన్నే.) అడిగేటప్పటికే మనసులో కొనేసి ఉంటాడు, మన నోటి నుంచి "తీస్కో" అనే మాట రావాలంతే. ఇండియాలో అయితే ఈ తలనొప్పే లేదు, 2019లో ఆయుధాల చట్టం సవరించాక మామూలు లైసెన్సుదారుడికి రెండు తుపాకులే. ఇక్కడ అలాంటి లెక్క లేదు కాబట్టి ఎక్కడ ఆగాలో మనమే తేల్చుకోవాలి.

అన్నిటికంటే ముందు వీసా సంగతి. గ్రీన్‌కార్డు, సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకి దీంతో ఇబ్బంది లేదు. హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్లు మాత్రం మామూలుగా తుపాకీ దగ్గర పెట్టుకోవడమే ఫెడరల్ నేరం, చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సు దానికి ఉన్న మినహాయింపుల్లో ఒకటి. టెక్సస్‌లో ఆ ఏడాది లైసెన్సు గడువు ఆగస్టు 31తో అయిపోతుంది, రెన్యువల్ మర్చిపోయారంటే సెప్టెంబరు 1 పొద్దున బీరువాలో ఉన్న రైఫిలే మీ మెడకి చుట్టుకుంటుంది. అనుమానం ఉంటే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడిగాకే షాపు మెట్లెక్కండి. "వాడికి కుదరదు కదా, నా పేరు మీద తీసిస్తా" అనే స్నేహధర్మం అసలొద్దు, అది నేరం.

సరే, ఇప్పుడు అసలు విషయం. వార్మింట్ రైఫిల్ అంటే పొలానికీ పశువులకీ చేటు చేసే చిన్న జంతువుల కోసం వాడేది: ప్రెయిరీ డాగ్ (పేరుకే డాగ్, బొరియల్లో ఉండే ఉడుత జాతిది), నేల ఉడుత, గ్రౌండ్‌హాగ్, పెద్దవాటిలో నక్కలాంటి కొయోటీ. ఇందులో క్యాలిబర్లు నిచ్చెన మెట్ల లాగా ఉంటాయి. కింద మెట్టు 22 ఎల్‌ఆర్, 40 గ్రెయిన్ల (గుండు బరువు ఈ లెక్కలోనే చెప్తారు) గుండు సెకనుకు 1,200 అడుగుల చిల్లర. తర్వాత 1959 నాటి 22 మాగ్నమ్, అదే బరువు గుండు 1,900 దరిదాపుల్లో. ఆ మాగ్నమ్ తూటా మెడనే సన్నం చేసి 2002లో హార్నడీ అనే తూటాల కంపెనీ వాళ్లు 17 హెచ్‌ఎంఆర్ తెచ్చారు, 17 గ్రెయిన్లు, 2,550 అడుగులు. అక్కడి నుంచి సెంటర్‌ఫైర్ (అడుగున మధ్యలో కొడితే పేలే, ఎక్కువ బలమున్న తూటాలు) మొదలు: 55 గ్రెయిన్ల 223 రెమింగ్టన్ 3,240, అదే బరువులో 22-250 అయితే 3,680, ఇక 2004లో వచ్చిన 204 రూగర్ 32 గ్రెయిన్ల గుండుని 4,225 అడుగుల వేగంతో పంపుతుందని డబ్బా మీద రాసుకుంటారు. కొత్త రైఫిల్ కొందామనుకునేవాడికి ఈ మెట్ల మధ్య ఎప్పుడూ ఏదో ఖాళీ కనిపిస్తూనే ఉంటుంది. ఆ ఖాళీ మీ వేటలో ఉందా, క్యాటలాగులో ఉందా అన్నదే తేల్చాల్సింది.

నా సంగతే చెప్తా. రెండేళ్ల కిందట ఏప్రిల్‌లో పశ్చిమ టెక్సస్‌లో లబక్ ఊరి అవతల ఒక స్నేహితుడి పశువుల బీడుకి 17 హెచ్‌ఎంఆర్ ఒక్కటే పట్టుకుని వెళ్లాను, తేలిగ్గా ఉంటుందని. ఆ ప్రాంతంలో ఏప్రిల్ గాలి ఎలా ఉంటుందో వెళ్లినవాళ్లకి తెలుసు. 190 గజాల దూరంలో ప్రెయిరీ డాగ్ ఒకటి మట్టిదిబ్బ మీద నిటారుగా నిలబడి, పెళ్లి పెద్దలాగా చేతులు కట్టుకుని చూస్తోంది. గాలి ఎడమ నుంచి కొడుతోంది కదా అని జానెడు ఎడమకి గురిపెట్టి కొట్టాను. దానికి కుడిపక్కన రెండు జానల అవతల ఎర్రమట్టి లేచింది. అది తల తిప్పి ఆ దుమ్ము చూసి, మళ్లీ నా వైపు తిరిగి నిలబడింది. ఇంకో మూడు వేశాను, మూడూ అంతే. గంటకు పది మైళ్ల గాలికే 200 గజాల్లో ఆ గుండు పదిహేను అంగుళాల దాకా పక్కకి పోతుంది, అక్కడ గాలి దానికి రెట్టింపు.

ఇంటికొస్తూ దారి పొడుగునా ఫోన్‌లో 204లు చూశాను (కారు నడిపింది ఫ్రెండు లెండి). కార్ట్‌లో కూడా పెట్టేశాను. రాత్రి 17ని లోపల పెడదామని బీరువా తెరిస్తే నా 223 అక్కడే మూల నిలబడి ఉంది. ఆ రోజు నాకు కావాల్సిన తుపాకీ కొత్తది కాదు, ఇంట్లో వదిలేసి వెళ్లింది.

అప్పటినుంచి ఒక చిన్న నోట్‌బుక్ పెట్టాను. ఎవరైనా సలహా అడిగితే నేను చెప్పేదీ ఇదే. ఒక సీజన్ పాటు ప్రతి ట్రిప్పులో మూడు రాయండి: ఏ జంతువు, ఎన్ని గజాలు, తప్పితే ఎందుకు తప్పింది. దూరం కంటి అంచనాతో కాదు, రేంజ్‌ఫైండర్‌తో, మన కంటికి 150 గజాలు కూడా 300 లాగే కనబడతాయి. సీజన్ చివర "ఎందుకు తప్పింది" అన్న వరస చదవండి. ట్రిగ్గర్ మెల్లగా నొక్కకుండా గుంజేశాను, బైపాడ్ (తుపాకీ కింద రెండు కాళ్ల స్టాండు) కదిలింది, స్కోప్‌లో (గురి చూసే దుర్భిణిలో) స్పష్టంగా కనబడలేదు, ఇలాంటివే ఎక్కువైతే కొత్త క్యాలిబర్ మీకేమీ చేయదు. దూరం వల్లో గాలి వల్లో మీ దగ్గరున్న అన్నిటితోనూ తప్పుతుంటే అప్పుడు మాట్లాడుకోవచ్చు.

అలా మాట్లాడుకుంటే 204కి నిజంగానే దమ్ముంది. 200 గజాల దగ్గర గుండు సరిగ్గా గురి మీదే తగిలేలా స్కోప్ సరిచేస్తే (జీరో చేయడం అంటారు) 300 దగ్గర నాలుగు అంగుళాల చిల్లర పడుతుంది, 223లో 55 గ్రెయిన్లు ఏడంగుళాల దాకా పడుతుంది. నాలుగంగుళాల వెడల్పున్న జంతువుకి ఆ తేడా చిన్నది కాదు. పైగా తుపాకీ వెనక్కి తన్నేది ఎంత తక్కువంటే గుండు తగలడం స్కోప్‌లోనే కనిపిస్తుంది. కొయోటీలు ఎక్కువ, దూరాలు ఎక్కువ అయితే నా ఓటు 22-250కి, కానీ అది 223 కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు తుపాకీ మందు కాలుస్తుంది, ప్రెయిరీ డాగ్‌ల మీద వరసగా కొడుతూ పోతే బారెల్ పట్టుకోలేనంత వేడెక్కి త్వరగా అరుగుతుంది. 17 ఉన్నవాళ్లు 22 మాగ్నమ్ మాత్రం కొనకండి, నేను కొన్నాను. సేల్‌లో వచ్చిందని తెచ్చి, 17తో చేసే పనే దీంతోనూ చేస్తూ, ఏడాది తిరక్కుండా నష్టానికి అమ్ముకున్నాను.

ధర చూసి మోసపోవద్దు, రైఫిల్ ఖరీదు మొదటి వాయిదా మాత్రమే. కౌపీన సంరక్షణార్థం అని గోచీ కోసం పిల్లి, పిల్లి కోసం ఆవు అన్నట్టు, కొత్త క్యాలిబర్ వెనకాలే స్కోప్, మౌంట్లు, వేరే తూటాల నిల్వ వస్తాయి. 223 తూటా ఏ షాపులోనైనా దొరుకుతుంది, 204కి అంత భరోసా లేదు, దొరికినా ధర ఎక్కువే. ఆఖరికి క్లీనింగ్ రాడ్ కూడా: 22 కోసం కొన్నది 17 గొట్టంలోకి దూరనే దూరదు, 204కి కూడా సన్నరకం కావాలి. తోస్తే పోతుందిలే అని బలవంతం చేస్తే రాడ్ ఇరుక్కుని ఆదివారం అంతా దాంతోనే సరిపోతుంది, అదీ చూశాను.

అదే డబ్బుతో ఉన్న 223కి మంచి ట్రిగ్గర్ వేయించొచ్చు. బారెల్ 8 ట్విస్ట్ (లోపలి మెలిక గాడి 8 అంగుళాలకి ఒక చుట్టు తిరిగేది) అయితే 69, 77 గ్రెయిన్ల గుళ్లు పెట్టి గాలితో సగం గొడవ తీర్చుకోవచ్చు. నాలుగైదు రకాల తూటాలు తెచ్చి మీ బారెల్‌కి ఏది నచ్చుతుందో రేంజ్‌లో ఒక పూట కూర్చుని తేల్చినా చాలు, నా 223లో ఒక రకం నుంచి ఇంకో రకానికి మారితే గ్రూప్ (వరసగా కొట్టిన గుళ్ల మధ్య ఎడం) సగానికి సగం తగ్గింది.

ఇంట్లో చోటు కూడా చూసుకోండి. సేఫ్ నిండిపోయి కొత్తది మంచం కింద పెట్టాల్సొస్తే కొనకండి, అంతే. టెక్సస్‌లో 17 ఏళ్లలోపు పిల్లల చేతికి అందేలా నిండిన తుపాకీ వదిలేయడం నేరం, మన ఇళ్లలో మన పిల్లలే కాదు, వీకెండ్ వస్తే పదిమంది పిల్లలు ఇల్లంతా తిరుగుతారు. ఇంటావిడకి చెప్పకుండా కొనే ప్లాన్ ఉంటే అదీ మానుకోండి, కార్డు స్టేట్‌మెంట్ ఆవిడే చూస్తుంది.

ఆ 204 ఇంకా నా కార్ట్‌లోనే ఉంది. పోయిన సీజన్ నోట్‌బుక్ తిరగేస్తే 250 గజాలు దాటి కొట్టినవి మొత్తం పదకొండు, అందులో తప్పినవి ఏడు, వాటిలో ఐదింటి పక్కన "తొందరపడ్డాను" అని నా చేతిరాతే ఉంది.