సంక్రాంతికి ఊరెళ్తున్నారా? పిల్లి సంగతి డిసెంబర్‌లోనే తేల్చుకోండి

సంక్రాంతి రైలు టికెట్లు 60 రోజుల ముందే, పొద్దున్నే 8 గంటలకి ఫోన్ పట్టుకుని కూర్చుని మరీ బుక్ చేస్తాం. పిల్లి సంగతి మాత్రం భోగి ముందు రోజు, సర్దుతున్న సూట్‌కేసులో అదే ఎక్కి కూర్చున్నప్పుడు గుర్తొస్తుంది. అప్పటికి పిల్లుల్ని తమ దగ్గర ఉంచుకుని చూసుకునే మంచి బోర్డింగులు నిండిపోయి ఉంటాయి. మామూలు రోజుల్లో సాయపడే పక్కింటివాళ్లు కూడా బస్సెక్కేసి ఉంటారు. టీకా వేయించినా అది ఒంటికి పట్టేంత గడువుండదు. అందుకని ఈ పని డిసెంబర్ సగానికల్లా తేలిపోవాలి.

కుక్క మనిషిని నమ్ముకుంటుంది, పిల్లి ఇంటిని నమ్ముకుంటుంది. తన వాసన పట్టిన సోఫా, తన కిటికీ, తన లిట్టర్ ట్రే (ఒంటికీ రెంటికీ వెళ్లే ఇసుక లాంటి లిట్టర్ పోసిన పెట్టె) ఉంటే మనం నాలుగు రోజులు కనపడకపోయినా సర్దుకుపోతుంది. అవేవీ లేనిచోట మనం పక్కనే ఉన్నా కాలు కాలిన పిల్లే. వారం పది రోజుల ప్రయాణానికి మా ఓటు ఇంటికే: పిల్లి ఉన్నచోటే ఉండాలి, మనిషే రోజూ వచ్చి చూసుకోవాలి. అలాంటి మనిషి దొరక్కపోతే బోర్డింగ్. వెంట తీసుకెళ్లడం ఆఖరి మాట.

గిన్నె నిండా డ్రై ఫుడ్ పోసి, రెండు చోట్ల నీళ్లు పెట్టి తాళం వేసుకెళ్తే మూడు రోజులు గడిచిపోవా అని చాలామంది అడుగుతారు. ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లిని ఒక్క రాత్రి అలా వదలొచ్చు. నాలుగు నెలల లోపు కూనని ఆ ఒక్క రాత్రి కూడా వదలకూడదు. మూడు రోజులకి తిండి సరిపోతుందేమో గానీ, తేడా వస్తే చూసే కళ్లుండవు. దిగులుతో రెండు మూడు రోజులు ముద్ద ముట్టని పిల్లికి ఒంట్లో కొవ్వంతా కాలేయానికి చేరి అది దెబ్బతింటుంది. లావుపాటి పిల్లులకి ఈ ముప్పు మరీ ఎక్కువ. మగపిల్లికి మూత్రం దారి పూడుకుపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం మీదికొస్తుంది. ఇవేవీ కాకపోయినా, గాలికి బెడ్‌రూమ్ తలుపు పడిపోతే చాలు. పిల్లి లోపల, నీళ్లూ ట్రే బయట. ఆటోమేటిక్ ఫీడర్ ఉందన్న ధీమా కూడా వద్దు. కరెంటు పోయినా, గింజ అడ్డుపడినా అది ఆగిపోతుంది. బ్యాటరీలు వేసి ఉంచండి, అయినా మనిషికి తోడుగానే వాడండి.

రోజూ వచ్చే మనిషికి ఏం చెప్పాలి

రోజుకి కనీసం ఒకసారి, వీలైతే రెండుసార్లు, వచ్చిన ప్రతిసారీ అరగంట. బయల్దేరే ముందే రెండు మూడు సార్లు ఇంటికి పిలిచి, వాళ్ల చేత్తోనే తిండి పెట్టించండి. ఇంకో తాళంచెవి రెండో మనిషి దగ్గర ఉండాలి. మొదటివాళ్లకి జ్వరమొస్తే పండగ పూట మీరు ఊళ్లో కూర్చుని తాళాలు పగలగొట్టించాల్సిన పని ఉండదు.

నాలుగు కిలోల పిల్లికి రోజుకి 50 నుంచి 60 గ్రాముల డ్రై ఫుడ్ సరిపోతుంది. మీ ప్యాకెట్ మీది కొలత కూడా చూసి, ఏ రోజుకారోజు పొట్లం కట్టి తేదీ రాయండి. ఎంత మిగిలిందో చెప్పడం వాళ్లకీ తేలిక, ఏ పూట పెట్టడం మర్చిపోయారో మీకూ తెలుస్తుంది. ఇక చీమలు. చీమలు పట్టిన గిన్నెని పిల్లి ముట్టదు, ఆకలితోనే తిరుగుతుంది. వెడల్పాటి పళ్లెంలో వేలెడు లోతు నీళ్లు పోసి, మధ్యలో తిండి గిన్నె పెట్టండి. గిన్నె అంచు పళ్లెం అంచుకి తగలకూడదు. తగిలితే అదే చీమలకి వంతెన. చేపన్నం, వెట్ పౌచ్ (ప్యాకెట్లో వచ్చే తడి తిండి) లాంటివి మనిషి ఉన్నప్పుడే పెట్టి, మిగిలింది వెళ్లేటప్పుడు తీసేయాలి.

లిట్టర్ ట్రేలు పిల్లుల సంఖ్య కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి. లిట్టర్ మందం 5 నుంచి 7 సెంటీమీటర్లు. ఆ వారంలో కొత్త బ్రాండు మార్చొద్దు. ఇసుక వాడేవాళ్లు గడ్డకట్టే లిట్టర్‌కి మారాలనుకుంటే డిసెంబర్‌లోనే కొద్దికొద్దిగా కలుపుతూ అలవాటు చేయండి. ఎందుకంటే ఈ మొత్తం ఏర్పాటులో అసలు సమాచారం ఆ గడ్డల్లోనే ఉంటుంది. మామూలుగా రోజుకి రెండు నుంచి నాలుగు మూత్రపు గడ్డలు, ఒక్కోటి నిమ్మకాయ అంత. బఠాణీ గింజలంత చిన్నవి పది ఉన్నాయన్నా, 24 గంటలుగా ఒక్కటీ లేదన్నా, ట్రేలో కూర్చుని ముక్కుతోందన్నా ఆలోచించకుండా డాక్టర్ దగ్గరికి పంపించండి. మలబద్ధకమేమో రేపటికి చూద్దాం అనుకోవడంతోనే మగపిల్లులు చాలా పోతుంటాయి. రోజూ వాట్సాప్‌లో పిల్లి నిద్రపోతున్న ఫొటో వస్తే మురిసిపోకండి. ఒంట్లో బాగాలేని పిల్లి కూడా అలాగే ముడుచుకుని పడుకుంటుంది. ట్రే ఫొటో, గిన్నె ఫొటో అడగండి.

ఫ్రిజ్ మీద ఒక కాగితం అంటించండి: డాక్టర్ నంబరు, పండగ మూడు రోజులూ తెరిచి ఉండే ఆస్పత్రి నంబరు (ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి), క్యారియర్ (పిల్లిని తీసుకెళ్లే పెట్టె) ఎక్కడుందో, మీరు ఫోన్ ఎత్తకపోయినా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో. జ్వరంగా ఉందని పారాసెటమాల్ మాత్రం ఇవ్వొద్దని పెద్ద అక్షరాలతో రాయండి. మనిషికి వేసే ఒక్క మాత్ర పిల్లిని చంపగలదు. ఇన్సులిన్ మీద ఉన్న పిల్లిని పక్కింటి పిన్నిగారి మీద వదలడం అన్యాయం. దానికి డాక్టర్ ఉండే క్లినిక్‌లో బోర్డింగే సరైనది.

తాళం వేసే ముందు

సంక్రాంతికి ప్రత్యేకమైన ప్రమాదం మాంజా. బాల్కనీలోకి తెగిపడిన దారంతో పిల్లి ఆడుకుంటుంది, నాలుక మీది ముళ్లకి పట్టుకుని లోపలికే జారుతుంది. పేగుల్లో దారం బిగిసి మడతలు పడితే ఆపరేషన్ తప్పదు. నోట్లోంచి గానీ వెనకనుంచి గానీ దారం వేలాడుతుంటే లాగకూడదు, పేగు కోసుకుపోతుంది. అలాగే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. నైలాన్ మాంజాని జాతీయ హరిత ట్రిబ్యునల్ 2017లోనే నిషేధించింది, అయినా మేడల మీద అదే కనిపిస్తోంది. మీరు లేని రోజుల్లో బాల్కనీ తలుపు మూసి ఉంచడమే మేలు. పావురాల కోసం కట్టిన వల పిల్లి పళ్లకి ఆగదు.

లోపలి తలుపులన్నిటికీ అడ్డు పెట్టండి. వాషింగ్ మెషిన్ మూత, బీరువా, మంచం కింద సొరుగు మూసేయండి. లిల్లీ పూల బొకే ఇంట్లో ఉంటే పారేయండి. ఆ పుప్పొడి కాస్త నాకినా పిల్లి కిడ్నీలు పాడవుతాయి. గ్యాస్ రెగ్యులేటర్ కట్టేయండి. ఆఖరుగా పిల్లిని కళ్లతో చూశాకే తాళం వేయండి. సర్దుడు హడావిడిలో బీరువాలో ఇరుక్కున్న పిల్లి అరవకుండా కూర్చుంటుంది. ప్రయాణానికి పిల్లి ఎదురైతే ఆగేవాళ్లున్నారు కదా, ఇక్కడ ఎదురవకపోతేనే ఆగాలి.

బోర్డింగ్ అయితే

మీ పిల్లి టీకా కార్డు అడగని చోట వదలొద్దు. మిమ్మల్ని అడగలేదంటే పక్క పిల్లినీ అడగలేదన్నమాట. పిల్లుల ప్రాణం తీసే పాన్‌ల్యూకోపీనియా జబ్బు వైరస్ గదిలో నెలల తరబడి బతుకుతుంది, మామూలు ఫినాయిల్‌కి లొంగదు. మూడు జబ్బుల టీకా, రేబిస్ టీకా కనీసం రెండు వారాల ముందే పూర్తవ్వాలి. కూనలకైతే మొదటి టీకాల వరుస మొత్తం అయ్యాకే. గది చూడనివ్వకుండా ఫొటోలు చూపించేవాళ్లని వదిలేయండి. కుక్కల అరుపులు వినపడనంత దూరం, తప్పించుకోకుండా ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు, దాక్కోవడానికి పెట్టె ఉన్నాయా చూడండి. ఇంటి దుప్పటి ఉతక్కుండా ఇవ్వండి.

తీసుకెళ్లక తప్పకపోతే

రైల్లో ఏసీ ఫస్ట్ క్లాసులో రెండు బెర్తుల కూపే గానీ నాలుగు బెర్తుల క్యాబిన్ గానీ మొత్తం మీ పేరు మీద ఉంటేనే పిల్లి మీతో ఉంటుంది. సెకండ్ ఏసీ, థర్డ్ ఏసీ, స్లీపర్లలో కుదరదు. కూపే దొరికిందో లేదో చార్ట్ వేసేదాకా తేలదు కాబట్టి పండగ రద్దీలో దీన్ని నమ్ముకోవడం జూదమే. బ్రేక్ వ్యాన్ (గార్డు, సామాన్లు ఉండే బోగీ) పెట్టెలో మాత్రం పిల్లిని వేయొద్దు.

కారైతే గట్టి ప్లాస్టిక్ క్యారియర్, కింద పాత టవల్, పైన పల్చటి గుడ్డ, సీటు బెల్టుతో కట్టు. రెండు వారాల ముందునుంచే క్యారియర్ తలుపు తీసి హాల్లో ఉంచి అందులోనే తిండి పెట్టండి. బయల్దేరే ముందు మూడు నాలుగు గంటలు తిండి ఆపండి, నీళ్లు ఆపొద్దు. భోగి ముందు రోజు హైదరాబాద్-విజయవాడ దారిలో పంతంగి టోల్ దగ్గర బండ్లు బారులు తీరుతాయి. అక్కడ పాపం అనిపించి క్యారియర్ తెరిస్తే, కిటికీ సందు దొరికిన పిల్లి హైవే మీద ఉంటుంది. నోరు తెరిచి రొప్పుతుంటే ఏసీ పెంచండి. రొప్పు తగ్గకపోతే దారిలో డాక్టర్‌ని వెతకాల్సిందే. మత్తు మందు సొంతంగా ఇవ్వొద్దు. డాక్టర్ రాసిన మందైనా ఇంట్లో ఒకరోజు వేసి చూశాకే ప్రయాణంలో వాడండి.

ఊళ్లో మొదటి రెండు మూడు రోజులు ఒకే గది, తలుపు మూసి, ట్రే అందులోనే. ధాన్యం ఉన్న ఇంట్లో ఎలకల మందు ఎక్కడ పెట్టారో దిగగానే అత్తయ్యనో నాన్నమ్మనో అడగండి. ఇన్ని చేసినా చుట్టాల పిల్లలు తలుపు తీస్తే పిల్లి జారిపోవచ్చు. అప్పుడు ఊరంతా పేరు పెట్టి అరవకండి. కొత్తచోట తప్పిపోయిన పిల్లి ఎక్కువగా నాలుగైదు ఇళ్ల లోపే గడ్డివాములోనో, కట్టెల మోపు వెనకో, అటక మీదో బిగుసుకుని ఉంటుంది. సందడి అణిగాక టార్చ్‌లైటుతో వెళ్తే కళ్లు మెరుస్తాయి. పరుగెత్తి పట్టుకోవద్దు. కింద కూర్చుని తిండి డబ్బా గలగలలాడించి, క్యారియర్ తెరిచి పక్కన పెట్టి ఆగండి.