పరుగు తర్వాత ఎన్ని నీళ్లు తాగాలి?

ఆదివారం పొద్దున 12 కిలోమీటర్లు పరిగెత్తి వస్తే మధ్యాహ్నం దాకా తలనొప్పి వదిలేది కాదు. నీళ్లు తాగుతూనే ఉన్నా, ఎన్ని చాలతాయో తెలిసేది కాదు.

ఇప్పుడు బయల్దేరే ముందు ఒకసారి, రాగానే చెమట తుడుచుకుని, తడిసిన బట్టలు విప్పేసి ఇంకోసారి బరువు చూసుకుంటున్నా. అరకిలో తగ్గితే ముప్పావు లీటరు, కిలో తగ్గితే లీటరున్నర. ఒక్కసారిగా కాదు, రెండు మూడు గంటల్లో కొంచెం కొంచెంగా. అందులో సగం ఉప్పేసిన పల్చటి మజ్జిగ (మా ఇంట్లో ఎలాగూ ఉంటుంది), మిగతాది మామూలు నీళ్లు. దాంతోపాటు గంటలోపే నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు.

బరువు తగ్గకపోయినా, పెరిగినా ఈ లెక్క పనికిరాదు. దారిలోనే ఎక్కువ తాగేశారన్నమాట, ఇంకా తాగితే ఒంట్లో సోడియం పడిపోయే ప్రమాదం ఉంది. అప్పుడు దాహమైతేనే తాగండి.