సీతాకోకచిలుకల కోసం మొక్కలు పెట్టినా నిలవట్లేదా? ఏ లక్షణానికి ఏం చూడాలి

తేనె కోసం పెంటాస్, లాంటానా, నూరువరహాలు, గుడ్లు పెట్టడానికి నిమ్మ, కరివేపాకు అన్నీ పెట్టామండి, అయినా సీతాకోకచిలుకలు రావట్లేదు, వచ్చినా వాటి పురుగులు (గుడ్లలోంచి వచ్చే గొంగళిపురుగులు) బతకట్లేదు అని అడిగే వాళ్లకి ప్రతిసారీ ఇవే చెప్తున్నా కాబట్టి ఒకచోట రాసేస్తున్నా. కుండీ నింపడం, నీళ్లు పోయడం మీకు వచ్చనే అనుకుంటున్నా.

సమస్య: పూలు బాగానే ఉన్నాయి, సీతాకోకచిలుకలు మాత్రం రావట్లేదు

ముందు ఎండ చూడండి. మొక్క మీద కాదు, పూల మీద. పొద్దున 9 నుంచి మధ్యాహ్నం 1 లోపు పూల మీద నేరుగా ఎండ పడాలి. సీతాకోకచిలుక ఒళ్లు వేడెక్కితేనే ఎగరగలదు, అందుకే నీడలో ఉన్న పూలని దాటేసి ఎండలో ఉన్న పిచ్చి మొక్క మీదైనా వాలుతుంది. ఇది చూడమంటే "మా బాల్కనీలో వెలుతురు బాగానే వస్తుందండి" అంటారు. వెలుతురు వేరు ఎండ వేరు, దయచేసి ఒక సెలవు రోజు గంట గంటకీ వెళ్లి చూడండి, దీనికి పైసా ఖర్చు లేదు.

ఎండ సరిపోతుంటే తర్వాత పూల రకం. ముద్ద మందారం, ముద్ద నందివర్ధనం లాంటివి మనకి అందంగా ఉంటాయి గానీ అన్ని రేకుల మధ్య తేనె సీతాకోకచిలుకకి అందదు. ఒంటిరేకు పూలు, అదీ ఒకే రంగు పెంటాస్ నాలుగైదు కుండీలు పక్కపక్కన పెట్టండి, తలా ఒక మూల పెడితే దూరం నుంచి దానికి కనబడవు. పై అంతస్తుల్లో గాలి ఎక్కువుంటే గోడ చాటుకి జరపండి.

సమస్య: ఆకులే వస్తున్నాయి, పూలు లేవు, లేదా ఆకులు పసుపు

లాంటానా, పెంటాస్ కొత్త చిగురు మీదే పూస్తాయి. పూత అయిపోగానే మూడో వంతు కత్తిరించండి, యూరియా ఆపండి, అంతే. పెంటాస్ వానాకాలంలో ఉన్నట్టుండి వాడిపోతే కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయి వేరు కుళ్లిందని అర్థం, మందులు వెతక్కండి.

నూరువరహాలు మాత్రం వేరే కథ. ఈనెలు ఆకుపచ్చగా ఉండి మధ్యలో ఆకు పసుపు పడితే అది ఎక్కువగా బోరు నీళ్ల వల్లే. దానికి కాస్త పుల్లటి మట్టి కావాలి, మన ఉప్పు బోరు నీళ్లలో సున్నం ఉంటుంది, మట్టిలో ఇనుమున్నా వేరు పీల్చుకోలేదు. చాలామంది ఎప్సమ్ సాల్ట్ పోస్తారు, అందులో ఉండేది మెగ్నీషియం, ఇనుము కాదు. వాన నీళ్లు పట్టి పోయండి, కుదరకపోతే షాపులో చీలేటెడ్ ఐరన్ (వేరు పీల్చుకోగలిగే రూపంలో ఉండే ఇనుము) అని అడిగి తెచ్చి ఇవ్వండి, సిమెంటు గోడకి ఆనించి నాటి ఉంటే అక్కడి నుంచి తీసేయండి.

సమస్య: గుడ్లు పెడుతున్నాయి, పురుగులు మాత్రం రెండు మూడు రోజుల్లో చచ్చిపోతున్నాయి

నేను రెండేళ్లు మోసపోయింది ఇక్కడే.

నర్సరీ నుంచి మంచి గుబురు కరివేపాకు, ఒక నిమ్మ తెచ్చాను, ఆకు మీద ఒక్క మచ్చ లేదు, అంత బాగుందనే తెచ్చుకున్నా. వారంలోనే నిమ్మ సీతాకోకచిలుక వచ్చి లేత చిగుళ్ల మీద ఒక్కొక్కటిగా లేత పసుపు గుడ్లు పెట్టింది. గుడ్లు పగిలి పిల్లలు వచ్చాయి, పిట్ట రెట్టలా కనబడే చిన్న పురుగులు, ఆకు అంచు నాలుగు చోట్ల కొరికాయి, మూడో రోజుకి అన్నీ చచ్చి ఉన్నాయి. బల్లి అనుకున్నా, చీమలు అనుకున్నా, ఎండ దెబ్బ అనుకున్నా, వలకట్టా, నీడలోకి మార్చా, మళ్లీ గుడ్లు పెట్టింది, మళ్లీ అంతే. చివరికి పక్కింటి పెద్దమ్మ గారి పెరట్లో పాతికేళ్ల కరివేపాకు చెట్టు నుంచి రెమ్మ తెచ్చి, ఒకే రోజు గుడ్లలోంచి వచ్చిన పురుగుల్లో సగం ఆ రెమ్మ మీద, సగం నా మొక్క ఆకు మీద వేరువేరు డబ్బాల్లో పెట్టా. ఆవిడ రెమ్మ తిన్నవి పెరిగి ప్యూపా (రెక్కలు రాకముందు ఉండే గూడు) కట్టాయి. నా మొక్క తిన్నవి మెలికలు తిరిగి, నోట్లోంచి పచ్చటి నీళ్లు కక్కి ముడుచుకుపోయాయి.

కారణం మొక్క లోపలే ఉంది. నర్సరీలో పేనుబంక, తెల్లదోమ లాంటి రసం పీల్చే చిన్న పురుగులు రాకుండా ఇమిడాక్లోప్రిడ్, థయామెథాక్సామ్ లాంటి మందులు కొడతారు, లేదంటే మట్టిలో గుళికలు వేస్తారు. ఇవి పైన అంటుకుని ఉండేవి కావు, వేరు నుంచి ఆకులోకి, పూల తేనెలోకి కూడా ఎక్కేస్తాయి, కాబట్టి ఆకులు ఎంత కడిగినా పోవు. నెలల తరబడి ఉంటాయి, కాండం గట్టిపడిన మొక్కల్లో ఏడాది దాకా కూడా ఉండొచ్చు. తేనెటీగల కోసం యూరోపియన్ యూనియన్ 2018 లో ఈ రెండింటినీ, క్లోథియానిడిన్‌నీ ఆరుబయట పంటల మీద వాడకుండా ఆపేసింది, మన దగ్గర ఏ పురుగుమందుల షాపులో అడిగినా చిన్న ప్యాకెట్ చేతిలో పెడతారు.

గుర్తుపట్టడం తేలికే. పురుగు మాయమైతే పిట్టో, బల్లో, కందిరీగో తినేసింది, అది మామూలే. చచ్చిన పురుగు ఆకు మీదే చిన్నగా ముడుచుకుని ఉండి, పక్కన కొంచెమే కొరికిన ఆకు ఉంటే మందే. ఎర్ర పసుపు పూల మిల్క్‌వీడ్ (జిల్లేడు కుటుంబపు మొక్క) తెచ్చిన వాళ్లకీ ఇదే జరుగుతుంది, దాని మీద పెరగాల్సిన నారింజ రంగు సీతాకోకచిలుక పిల్లలు ఒక్కటీ మిగలవు. వాళ్లని ఖాళీ స్థలంలో మొలిచిన జిల్లేడు ఆకు తెచ్చి పెట్టి చూడమంటా. పాలు కంట్లో పడకుండా జాగ్రత్త.

ఏం చెయ్యాలంటే, కొనేటప్పుడే అడగండి, ఏం మందు కొట్టారు ఎప్పుడు కొట్టారు అని. చెప్పకపోతే కొట్టారనే అనుకోండి. మొక్క ఇంటికొచ్చాక పాత మట్టి వీలైనంత విదిల్చి కొత్త మట్టిలో పెట్టండి, గట్టిగా కత్తిరించండి, చిగురొచ్చాక మళ్లీ ఒకసారి కత్తిరించండి, ఆ కొమ్మలు కంపోస్టులో వెయ్యకండి. కనీసం ఆరు నెలలు దోమతెర కప్పి ఉంచండి, గుడ్లు పెట్టకుండా పూల మీద వాలకుండా. ఆ కరివేపాకు కూరలో కూడా వేసుకోకండి, పురుగుని చంపేది మన పిల్లలకి ఎందుకు పెట్టడం. ఆరు నెలలు ఆగలేం అంటే నర్సరీ మొక్క వదిలేసి తెలిసిన వాళ్ల పాత చెట్టు దగ్గర మొలిచిన పిలక తెచ్చుకోండి, నిమ్మ గింజ నాటుకోండి, ఇప్పుడు నేను ఇదే చేస్తున్నా.

విషం పోయిందని తెలిసేది పేనుబంక వల్ల. ఆ మొక్క లేత చిగుళ్ల మీద పేనుబంక పట్టి హాయిగా పెరుగుతోందంటే ఆకులో మందు తగ్గినట్టే. నాకైతే అది కనబడిన రోజే తెర తీసేస్తా. అప్పుడే చాలామంది కంగారుపడి మళ్లీ స్ప్రే పట్టుకుంటారు, ఆరు నెలలు ఆగింది మొత్తం పోతుంది. వేపనూనె ఆర్గానిక్ కదా అంటారు, అది పురుగు కుబుసం విడవకుండా ఆపేస్తుంది. బీటీ పౌడరు అయితే గొంగళిపురుగుల్ని చంపడానికే తయారుచేసింది. మీ అపార్ట్‌మెంట్ వాళ్లు నెలకోసారి కొట్టించే మందు కూడా కుండీల మీద పడకుండా ముందు రోజే చెప్పి పక్కకి జరపండి.

మిగతావి అరుదు. పెద్ద పురుగు నల్లగా మెత్తబడి తలకిందులుగా వేలాడితే జబ్బు, తీసేసి, డబ్బాలో పెంచుతుంటే ఆ డబ్బా వేడినీళ్లతో కడగండి. ప్యూపాకి గుండ్రటి చిన్న కన్నం ఉంటే లోపల వేరే కందిరీగ పెరిగి వెళ్లిపోయింది, దానికి చెయ్యాల్సిందేం లేదు.

ఇక ఆ పేనుబంకకి ఏం కొట్టాలి అంటే ఏమీ వద్దు, ముందు గుడ్లు, పురుగులు ఉన్న రెమ్మలు చూసుకుని అవి వదిలేసి, మిగతా చిగుళ్లని పైపు నీళ్లతో ఆకు అడుగు నుంచి గట్టిగా కడిగేయండి, మూడు రోజులకోసారి.